పోయింది లెక్క, పడింది నింద

"అత్యాశకు పోకండి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. అప్రమత్తంగా ఉండండి." అనంతపురం జిల్లాలో ఏ బ్యాంకు గోడ చూసినా, ఏ స్త్రీల సమావేశంలో కూర్చున్నా ఇవే మాటలు. చెప్పేవాళ్లు మంచి ఉద్దేశంతోనే చెబుతున్నారు. నా పేచీ వాళ్ల ఉద్దేశంతో కాదు, ఆ వాక్యాల వ్యాకరణంతో. మూడింటిలోనూ కర్త ఎవరు? ఆమె. ఆశపడేది ఆమె, చెప్పేది ఆమె, ఏమరుపాటుగా ఉండేది ఆమె. దొంగ ఎక్కడా లేడు. ఆ డబ్బు దాచిన బ్యాంకు లేదు. ఆ సిమ్ అమ్మిన కంపెనీ లేదు. మర్నాడు పేపర్లో జిల్లా పేజీ తీస్తే "మాయమాటలు నమ్మి మోసపోయిన గృహిణి" అని శీర్షిక ఉంటుంది.

ఈ వాక్యనిర్మాణం మనకు కొత్తదా? చీకటి పడ్డాక ఎందుకు బయటికి పోయింది, అతనితో ఎందుకు మాట్లాడింది అని అడిగినప్పుడు విన్నది ఇదే కదా. రమీజా బీ కేసు నుంచి ఇప్పటిదాకా, నేరం గురించి మాట్లాడాల్సిన చోట బాధితురాలి నడవడిక గురించి మాట్లాడటాన్ని మనం ఎదిరిస్తూనే వచ్చాం. అలాంటిది ఫోన్ మోసాల దగ్గరికి వచ్చేసరికి మన సంఘాలే, మన స్వచ్ఛంద సంస్థలే ఆ భాషను పోలీసుల దగ్గర, బ్యాంకుల దగ్గర అరువు తెచ్చుకుని ఫ్లెక్సీల మీద అచ్చువేయిస్తున్నాయి. నా అభ్యంతరం ఇక్కడ.

అంకెలు చూడండి. కేంద్ర హోం శాఖ 2025 జూలైలో పార్లమెంటుకు చెప్పిన ప్రకారం సైబర్ మోసాల్లో ప్రజలు పోగొట్టుకున్నది 2023లో 7,465 కోట్ల రూపాయలు, 2024లో 22,845 కోట్లు. ఒక్క ఏడాదిలో మూడు రెట్లు. దేశ ప్రజల అత్యాశ ఏడాదిలో మూడు రెట్లు పెరిగిందని ఎవరైనా అంటారా? పెరిగింది పరిశ్రమ. దానికి పెట్టుబడి ఉంది, షిఫ్టులున్నాయి, టార్గెట్లున్నాయి. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కేసు చాలామందికి గుర్తుండే ఉంటుంది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి మన యువకుల్ని కంబోడియా తీసుకుపోయి, అక్కడ నిర్బంధించి, మన దేశంలోని వాళ్లకే ఫోన్లు చేయించారు. అంటే అవతలి నుంచి చక్కటి తెలుగులో "అమ్మా, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం" అనే గొంతు కూడా ఒక్కోసారి బందీదే కావచ్చు. ఇంత పెద్ద యంత్రాంగం ఒకవైపు; మిషను తొక్కుతూ, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని "ఆ, చెప్పండి సార్" అనే మనిషి ఒకవైపు. మనం మాత్రం ఆమె వైపు తిరిగి "అప్రమత్తంగా ఉండు" అంటున్నాం.

ఆమె ఉండేది పామిడిలో. తెలియనివాళ్లకు చెప్పాలంటే, గుత్తికీ అనంతపురానికీ మధ్య, పెన్న ఒడ్డున, హైదరాబాదు-బెంగళూరు రోడ్డు మీద ఉన్న ఊరు. పెన్నలో నీళ్లు కనిపించేది ఏడాదిలో కొద్దిరోజులే. బట్టల వ్యాపారానికి పేరు. చుట్టుపక్కల పల్లెల్లో వానను నమ్ముకుని శెనక్కాయ వేసి నష్టపోయిన కుటుంబాల ఆడవాళ్లు చాలామంది ఇక్కడ ఇంటి దగ్గరే నైటీలు కుట్టి బతుకుతున్నారు. ఎన్ని కుడితే అంత కూలి. వాళ్లతో ఈ విషయం మీద మాట్లాడుతూ వస్తున్నాను కాబట్టి ఇక్కడి మాటలే రాస్తాను. పేర్లు రాయను.

వీళ్లకు ఫోన్ కాలక్షేపం కాదు. కుట్టుపని ఆర్డరు ఫోన్లోనే వస్తుంది, కూలి ఫోన్లోనే పడుతుంది. బెంగళూరుకు వలసపోయిన భర్త లెక్క పంపేది అందులోనే. (రాయలసీమలో డబ్బును లెక్క అంటారు. కోస్తా మిత్రులు గమనించాలి.) తల్లికి వందనం పడిందో లేదో చూసుకునేదీ అందులోనే. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం "మన మిత్ర" పేరుతో తన సేవల్నే వాట్సాప్‌లోకి తెచ్చింది. సౌకర్యమే, కాదనను. కానీ ప్రభుత్వం వాట్సాప్‌లో పలకరించడం మొదలుపెట్టాక, వాట్సాప్‌లో పలకరించే ప్రతివాడూ ప్రభుత్వంలాగే కనిపిస్తాడు. మన మిత్ర నంబరు 95523 00009 ఒక్కటే అని గట్టిగా చెప్పే బాధ్యత ఆ సేవ తెచ్చినవాళ్లది. దాన్ని ఎవరు ఎన్నిసార్లు చెప్పారు?

ఇక ఫోన్ ఎవరిది అన్న ప్రశ్న. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు నూటికి 21 మంది, పురుషులు 49 మంది దాకా. సొంతానికి వాడుకునే ఫోన్ ఉన్న స్త్రీలు సగంలోపే. తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఏ ఫోన్లు? పామిడిలో నేను అడిగిన ఇళ్లలో చాలాచోట్ల సిమ్ భర్త పేరు మీద ఉంది. ఆమె బ్యాంకు ఖాతాకు కలిపిన నంబరు ఇంటర్ చదివే కొడుకుది. గూగుల్ పే పెట్టిచ్చింది పక్కింటి అబ్బాయి, పిన్ నంబరు పెట్టిందీ అతనే. ఖాతా ఆమెది, తాళంచెవి ఇంకొకరిది. డబ్బు పోయాక మాత్రం "ఎవరికి చెప్పినావు?" అని అందరూ అడిగేది ఆమెనే.

ఒకామె నైటీలు కుడుతుంది. ఇంటి దగ్గర పెన్సిళ్లు ప్యాక్ చేసే పని, నెలకు 30,000 జీతం అని ఫోన్లో వీడియో చూసింది. గుర్తింపు కార్డుకు కొంచెం కట్టమన్నారు. కట్టింది. సరుకు పంపడానికి కొరియర్ ఖర్చు అన్నారు, తర్వాత పన్ను అన్నారు, మొదట కట్టినది వెనక్కి రావాలంటే ఇది కట్టాలి అన్నారు. నాలుగుసార్లు కట్టింది. ఆఖరిసారి కట్టింది డ్వాక్రా కంతు. "ఆశ అంటారేందక్కా, నేను పని అడిగినా గానీ ఊరికే ఇమ్మన్నానా?" అంది. ఈ ప్రశ్నకు మన ఫ్లెక్సీల దగ్గర జవాబు లేదు. పొద్దంతా కుట్టే మనిషి నెలకు ముప్పై వేలు ఆశించడం అత్యాశ అయితే, అంతకన్నా ఎక్కువ జీతాలు తీసుకుంటూ వాళ్లకు చైతన్యం కలిగించడానికి కార్లలో పోయే మనల్ని ఏమనాలి? పని ఇచ్చేవాడు పనిచేసేవాళ్ల దగ్గర డబ్బు తీసుకోడు, తీసుకుంటే వాడు పని ఇచ్చేవాడు కాదు. ఆమెకు చెప్పాల్సింది ఈ ఒక్క మాట. ఆమె గుణం గురించి ఏమీ చెప్పనక్కర్లేదు.

మరొకామె పాత కుట్టుమిషను అమ్మకానికి ఫోటో పెట్టింది. కొంటానన్నవాడు "లెక్క పంపినా, మీకు వచ్చింది, పిన్ను కొట్టి తీసుకోండి" అన్నాడు. కొట్టింది. వచ్చింది కాదు, పోయింది. యూపీఐలో మనకు డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ చేయనూ అక్కర్లేదు. పిన్ కొట్టేది డబ్బు పంపడానికీ, ఖాతాలో ఎంతుందో చూసుకోవడానికీ మాత్రమే. ఇది తెలుసుకోవలసిందే. కానీ ఈ కథలో రెండో సగం ఉంది. ఈ మోసానికి ఆధారమైన, ఒక మనిషి ఇంకొక మనిషికి "డబ్బు పంపు" అని రిక్వెస్టు పెట్టే పద్ధతిని ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి ఆపేయించింది. ఒక్క సర్క్యులర్‌తో ఆగింది! అంటే అన్నేళ్లూ ఆ తలుపు తెరిచి ఉంచినవాళ్లు వేరే ఉన్నారు, తెలివితక్కువవాళ్లని తిట్లు తిన్నవాళ్లు వేరే ఉన్నారు. సమావేశాల్లో ఓటీపీ పాఠం చెప్పే మిత్రులు ఈ ఒక్క ఉదాహరణను మనసులో పెట్టుకోమని కోరతాను.

అసలు ఓటీపీ పాఠానికే కాలం చెల్లుతోంది. పీఎం కిసాన్ అనో, ట్రాఫిక్ చలానా అనో, పెళ్లిపత్రిక అనో వాట్సాప్‌లో ఒక ఫైలు వస్తుంది. పేరు చివర "ఏపీకే" అన్న ఇంగ్లీషు అక్షరాలుంటాయి. చాలాసార్లు పంపేది తెలిసినవాళ్ల నంబరే, ఎందుకంటే వాళ్ల ఫోన్ ముందే దొంగ చేతిలోకి పోయి ఉంటుంది. నొక్కి, అడిగిన అనుమతులన్నిటికీ సరే అంటే ఆ ఫోన్‌కు వచ్చే మెసేజ్‌లు దొంగకు అందుతాయి. ఓటీపీ ఎవరికీ చెప్పనక్కర్లేదు, ఫోనే చెబుతుంది. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఎవరు పంపినా, అన్నే పంపినా, నొక్కవద్దు. నొక్కి ఉంటే వెంటనే నెట్ ఆపి, బ్యాంకుకు ఇంకో ఫోన్ నుంచి చెప్పాలి. బ్యాంకు పేరు చెప్పి "స్క్రీన్ చూపించే యాప్ వేసుకోండి" అన్నా ఇదే సంగతి.

వేలిముద్ర సంగతి ఇంకా ఘోరం. గ్రామంలో బ్యాంకు ప్రతినిధి దగ్గర మిషన్ మీద వేలు పెట్టి డబ్బు తీసుకునే పద్ధతికి ఓటీపీ లేదు, పిన్ లేదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలు చాలు. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, రబ్బరు మీద నకళ్లు చేసి సిమ్‌లు యాక్టివేట్ చేసిన కేసు బయటపడింది. ఆ వేళ్లవాళ్లు ఎవరికి ఏం చెప్పారు? ఏ అత్యాశకు పోయారు? వేలిముద్రల్ని లోకానికి తెరిచిపెట్టింది ప్రభుత్వ వెబ్‌సైటు. అంత సాంకేతికత కూడా అక్కర్లేదు. "సర్వర్ లేదవ్వా, మళ్లీ పెట్టు" అని రెండోసారి వేలు పెట్టించి రెండుసార్లు తీసుకోవచ్చు. పామిడి దగ్గర పల్లెలో ఒక ముసలామె, "మూడు తూర్లు పెట్టినా, ఒకతూరే ఇచ్చినాడు" అని చెప్పింది. రసీదు అడిగావా అంటే నవ్వింది. రసీదు ఆమెకు చదవరాదు.

ఆధార్ వేలిముద్రను లాక్ చేసుకోండి అని సలహా ఇస్తారు. ఉద్యోగస్తులకు మంచి సలహానే. కానీ నెలనెలా చౌక దుకాణంలో బియ్యానికి అదే వేలు పెట్టాల్సిన మనిషి దాన్ని లాక్ చేసుకుని ఏం తినాలి? పేద స్త్రీ వేలిని తాళంచెవి చేసింది ప్రభుత్వం. ఆ తాళంచెవిని రోజూ పదిమంది చేతుల్లో పెట్టక తప్పని స్థితి కూడా ప్రభుత్వం తెచ్చిందే. వేలు పెట్టిన ప్రతిసారీ కాగితం రసీదు ఇవ్వడం, వేలు పడకపోతే పడలేదన్న చీటీ కూడా ఇవ్వడం, మొత్తం ఎంతో పైకి చదివి వినిపించడం బ్యాంకు ప్రతినిధి పని అని మన సంఘాలు పట్టుబట్టాలి. ఆ ప్రతినిధిని పెట్టింది బ్యాంకు. అతను చేసిన దానికి జవాబుదారీ కూడా బ్యాంకే.

మోసాన్ని గుర్తుపట్టడం నేర్పవద్దని కాదు నా వాదన. నేర్పాలి, కానీ ఇప్పుడు నేర్పుతున్న పద్ధతిలో కాదు. మోసం పేర్లు నెలకొకటి మారతాయి, కరెంటు బిల్లు అనో, కొరియర్‌లో మత్తుమందు అనో, సిమ్ ఆగిపోతుందనో. పేర్లు బట్టీపట్టి లాభం లేదు. నేను విన్న ప్రతి ఉదంతంలో మారనివి మూడే ఉన్నాయి. తొందర పెట్టడం, గుట్టుగా ఉంచమనడం, అధికారంతో భయపెట్టడం. ఈ మూడూ దొంగ కనిపెట్టినవి కావు. ఆడపిల్లకు పుట్టినప్పటి నుంచి ఇంట్లో నేర్పేవే. పెద్దవాళ్లు చెబితే వెంటనే చేయాలి, ఇంటి గుట్టు బయటపెట్టకూడదు, మగ గొంతు గద్దిస్తే ఎదురు చెప్పకూడదు. దొంగ చేసేదల్లా మనం పెంచిన ఆ విధేయతను వాడుకోవడమే. "తొందరపడకు" అని కొత్త విధేయత నేర్పడం కన్నా "అవతలివాడు ఎవడైనా సరే, ఫోన్ మధ్యలో పెట్టేసే హక్కు నీకుంది" అని చెప్పడం మేలు. పామిడిలో ఒక అమ్మాయి, "మధ్యలో పెట్టేస్తే ఏమనుకుంటారో అని పట్టుకునే ఉన్నా మేడం" అంది. దొంగ ఏమనుకుంటాడో అని!

భయం సంగతి వచ్చింది కాబట్టి "డిజిటల్ అరెస్టు" గురించి కొంచెం వివరంగా చెప్పాలి. సీబీఐ అనో, ముంబయి పోలీసులనో వీడియో కాల్ చేసి, నీ ఆధార్‌తో నేరం జరిగింది, కెమెరా ముందు నుంచి కదలవద్దు, ఎవరికీ చెప్పవద్దు అంటారు. అలాంటి అరెస్టు మన చట్టంలో లేదు. ప్రధానమంత్రి కూడా 2024 అక్టోబరు 27న తన రేడియో ప్రసంగంలో ఇదే చెప్పారు. కానీ స్త్రీల సంఘాలు అక్కడితో ఆగకూడదు. స్త్రీల అరెస్టు గురించి చట్టం ఏం చెబుతోందో మనం చెప్పాలి. ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా స్త్రీని అరెస్టు చేయకూడదు. చేయాల్సి వస్తే మహిళా పోలీసు అధికారి ఉండాలి, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి ఉండాలి. ఇది భారతీయ నాగరిక సురక్షా సంహిత 43వ సెక్షన్. సాక్షిగా ప్రశ్నించాలన్నా ఆమె ఉండే చోటికే రావాలి, స్టేషనుకు రమ్మని బలవంతం చేయకూడదు. ఇది 179వ సెక్షన్. విచారణకు హాజరు కమ్మనే పోలీసు నోటీసును వాట్సాప్‌లో ఇస్తే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. ఈ మూడు సంగతులు తెలిసిన స్త్రీ దొంగ పోలీసునే కాదు, నిజం పోలీసును కూడా ప్రశ్నించగలదు. బహుశా అందుకే ప్రభుత్వ ప్రచారంలో "భయపడకండి" అని ఉంటుంది గానీ ఈ సెక్షన్లు ఉండవు.

ఇది చదువురాని వాళ్ల సమస్య అనుకునేవాళ్లకు ఒక సంగతి. 2024 ఏప్రిల్లో బెంగళూరులో ఒక మహిళా న్యాయవాదిని ఇలాగే గంటల తరబడి కెమెరా ముందు కూర్చోబెట్టి, పరీక్ష పేరుతో బట్టలు విప్పించి, లక్షలు దోచుకున్నారు. చట్టం తెలిసిన మనిషే. అధికారం అడిగితే శరీరం కూడా చూపాలన్న భయం చదువుతో పోలేదు. దోచింది డబ్బే అయినా అక్కడ జరిగింది లైంగిక హింస. కేసు రాయించేటప్పుడు ఆ సెక్షన్లు కూడా పెట్టించాలి.

అప్పుల యాప్‌ల దగ్గర ఇది ఇంకా నగ్నంగా కనిపిస్తుంది. మన రాష్ట్రానికి దీని చరిత్ర తెలుసు. 2010లో సూక్ష్మరుణ సంస్థల ఏజెంట్లు ఇళ్ల ముందు కూర్చుని, గ్రూపు సభ్యుల చేత సాటి సభ్యురాలినే తిట్టించి వసూలు చేశారు. ఆత్మహత్యలు పత్రికలకెక్కాక ఆ అక్టోబరులో ఆర్డినెన్సు, 2011లో చట్టం వచ్చాయి. వసూళ్లు పంచాయతీ ఆఫీసు దగ్గర జరగాలి, ఇంటి గడప దగ్గర కాదు అన్నది ఆ చట్టం. అప్పుడు తాకట్టు పెట్టించుకున్నది బంగారం కాదు, భూమి కాదు, ఆడదాని పరువు. పదేళ్ల తర్వాత అదే తాకట్టు ఫోన్లోకి వచ్చింది. యాప్ వేసుకున్నప్పుడు కాంటాక్టులకు, ఫోటోలకు అనుమతి తీసుకుంటారు. వారం గడువు, అసలులో కోత కోసి ఇచ్చే అప్పు. ఒక రోజు ఆలస్యమైతే ఆమె ముఖాన్ని బూతు బొమ్మకు అతికించి తమ్ముడికి, మామకు, పనిచేసే చోట యజమానికి పంపుతారు. 2020 చివర్లో తెలంగాణలో వరుసగా ప్రాణాలు పోయాయి, 2022 సెప్టెంబరులో రాజమహేంద్రవరంలో భార్యాభర్తలు చనిపోయారు. రిజర్వు బ్యాంకు వేసిన బృందం 2021 మొదటి రెండు నెలల్లో 1,100 దాకా యాప్‌లు పరిశీలిస్తే అందులో 600 అక్రమమైనవే.

రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం అప్పు ఇచ్చే యాప్ ఫోన్లోని కాంటాక్టులు, ఫోటోలు, కాల్ వివరాలు తీసుకోకూడదు. డబ్బు అప్పిచ్చే సంస్థ ఖాతా నుంచి నేరుగా అప్పు తీసుకునేవాళ్ల ఖాతాకే రావాలి. మొత్తం వడ్డీ, ఖర్చులు ఎంతో ముందే కాగితం మీద చెప్పాలి. వసూలు ఫోన్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత చేయకూడదు. గుర్తుపట్టడానికి ఈ నియమాలే గుర్తులు. కాంటాక్టులు అడిగిన యాప్ ఆ క్షణమే అక్రమం. బొమ్మలు మార్చి పంపితే అది అప్పు తగాదా కాదు, నేరం. ఐటీ చట్టం 67, 67ఎ సెక్షన్లు, బెదిరించి డబ్బు గుంజినందుకు భారతీయ న్యాయ సంహిత 308 ఉన్నాయి. ఏ స్టేషనులోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాయించవచ్చు.

కానీ చట్టం కన్నా ముందు చేయాల్సిన పని ఒకటి మన చేతుల్లో ఉంది. ఆ బొమ్మలకు బలం ఇచ్చేది ఎవరు? చూసినవాళ్లు. పామిడిలో ఒకామె బొమ్మ బంధువుల వాట్సాప్ గ్రూపులో పడితే ఎవరూ ఫోన్ చేసి "ఇది దొంగ బొమ్మ, మేం నమ్మలేదు" అనలేదు. ఆడపడుచు మాత్రం వచ్చి "అప్పు ఎందుకు చేసినావు" అంది. "లెక్క పోతే సంపాదించుకుంటానక్కా, మా ఆయప్ప ముఖం ఎట్ల చూసేది?" అన్న ఆమె మాటలో సమస్య మొత్తం ఉంది. అప్పు ఎందుకు చేసిందీ అంటే, కొడుకు ఫీజుకు. ఆయప్పకు అప్పు సంగతి తెలియదు గానీ ఫీజు కట్టారని తెలుసు. ఎక్కడి నుంచి వచ్చిందని ఆయన అడగలేదు.

డబ్బు పోయిన మొదటి గంట చాలా విలువైనది. దొంగ ఖాతా నుంచి ఇంకో ఖాతాకు, అక్కడి నుంచి మరో దానికి అది పోతూ ఉంటుంది. 1930కి ఫోన్ చేస్తే ఆ దారిలో ఎక్కడో ఒకచోట ఆపే ప్రయత్నం చేస్తారు. బ్యాంకు పేరు, ఖాతా నంబరు, ఎంత, ఎప్పుడు, మెసేజ్‌లో ఉన్న లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకుని చేయాలి. వాళ్లిచ్చే ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. ఇదంతా అందరూ చెబుతారు. ఆ గంట ఎక్కడ పోతోందో మాత్రం ఎవరూ చెప్పరు. నేను మాట్లాడిన స్త్రీలలో మొదటి గంటలో ఎవరికీ చెప్పినవాళ్లు దాదాపు లేరు. సాయంత్రం దాకా వంట చేశారు, పిల్లలకు పెట్టారు, ఏడ్చారు. ఒకామె నాలుగు రోజులు దాచింది. వాళ్లు 1930 తెలియక ఆగలేదు, నంబరు గోడ మీద ఉంది. ఇంట్లో తిడతారని ఆగారు. మనం "అత్యాశకు పోకండి" అని అచ్చువేసిన ప్రతి ఫ్లెక్సీ ఆ మౌనాన్ని ఇంకొంచెం పెంచుతుంది. సిగ్గు వల్ల పోయిన గంటల విలువ దొంగకు తెలుసు, మనకు తెలియడం లేదు.

బ్యాంకు దగ్గర జరిగేది కూడా చెప్పాలి. ఒకామెతో నేను వెళ్లాను. ఏ బ్యాంకో రాయను. కౌంటరులో మనిషి ఆమె చెప్పేది సగం కూడా వినకుండా "మీరే చెప్పి ఉంటారు, మేమేం చేయలేం" అన్నాడు. ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు, ఆమెకు ఏటీఎం కార్డే లేదు. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తర్వు ఏమంటుందంటే, ఖాతాదారు ప్రమేయం లేకుండా పోయిన డబ్బులో బ్యాంకు తప్పు ఉంటే నష్టం మొత్తం బ్యాంకుదే. తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక మూడోవాళ్లదైతే, మూడు పనిదినాల్లో తెలియజేస్తే ఖాతాదారుకు నష్టం లేదు. ఖాతాదారు అజాగ్రత్త వల్లనే పోయినా, బ్యాంకుకు తెలియజేసిన తర్వాత పోయేదంతా బ్యాంకు భరించాలి. అన్నిటికన్నా ముఖ్యం, తప్పు ఖాతాదారుదే అని రుజువు చేయాల్సిన భారం బ్యాంకు మీద ఉంది. "మీరే చెప్పి ఉంటారు" అన్నది రుజువు కాదు. ఆ మాటను కాగితం మీద రాసి ముద్ర వేసి ఇమ్మని అడిగితే కౌంటరు గొంతు మారింది. ఫిర్యాదు రాసి, నకలు మీద అందినట్టు సంతకం తీసుకున్నాం. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు, ఖర్చు లేదు, 14448కి ఫోన్ చేస్తే దారి చెబుతారు.

ఇంకో సంగతి ఇప్పుడిప్పుడే కనిపిస్తోంది. "నీ పాసుపుస్తకం, సిమ్ ఇయ్యి, నెలకింత ఇస్తాం" అని పేద స్త్రీల ఖాతాలు అద్దెకు తీసుకుంటున్నారు. దొంగిలించిన డబ్బు వాటిలోంచి ప్రవహిస్తుంది. దొంగ దొరకడు, ఖాతా ఎవరి పేరు మీద ఉందో ఆమె ఇంటికి ఎక్కడి పోలీసులో వస్తారు. ఖాతా స్తంభిస్తుంది, అందులో పడిన ఆమె సొంత కూలి కూడా అందదు. ఖాతా ఎవరికీ ఇవ్వవద్దని ప్రతి గ్రూపులో చెప్పాలి. ఇచ్చిన ఆమెను ముఠా సభ్యురాలిగా చూడకుండా న్యాయసహాయం ఇప్పించాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు.

కొన్ని ఇళ్లలో దీనికి మందు ఫోన్ లాక్కోవడం. "నీకెందుకు సెల్లు, అందుకే వద్దన్నా" అని. ఒక సంస్థవాళ్లు కూడా తమ నివేదికలో "స్మార్ట్‌ఫోన్ వాడకం తగ్గించేలా కౌన్సెలింగ్" అని రాసుకున్నారు. బస్సులో వేధింపు జరిగితే బస్సు మాన్పించిన తర్కమిది. ఫోన్ పోతే కుట్టుపని ఆర్డరు పోతుంది, పుట్టింటి మాట పోతుంది, 1930కి చేసే దారి కూడా పోతుంది. సిమ్ ఆమె పేరు మీదికి, ఖాతా నంబరు ఆమె ఫోన్‌కు, పిన్ ఆమె తలలోకి రావాలి. 1992లో దూబగుంట నుంచి మొదలైన సారా ఉద్యమంలో స్త్రీలు తాగవద్దని మొగుళ్లకు నీతిబోధ చేసి ఊరుకోలేదు, దుకాణం ముందు కూర్చున్నారు. ఫోన్ మోసాల విషయంలో దుకాణం ఎక్కడుందో మనకు తెలుసు. బ్యాంకు బ్రాంచి, సిమ్ అమ్మే కౌంటరు, ఫిర్యాదు తీసుకోని స్టేషను.

పామిడిలో నేను చెప్పిన ఆమె ఫిర్యాదుకు బ్యాంకు నుంచి జవాబు ఇంకా రాలేదు. ఇలాంటివి మీ మండలాల్లోనూ ఉంటాయి. ఫిర్యాదు ఇచ్చిన తేదీ, 1930కి చేసిన సమయం, బ్యాంకు రాసిచ్చిన జవాబు లేదా ఇవ్వనన్న మాట, వీటి నకళ్లు పేర్లు, ఖాతా నంబర్లు కొట్టేసి పత్రిక చిరునామాకు పంపండి. బ్రాంచి పేరు మాత్రం కొట్టేయవద్దు. యాభై వచ్చినా చాలు, వాటిని పట్టుకుని జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరు దగ్గరికి, కలెక్టరు దగ్గరికి పోదాం. ఆమెను కూడా తీసుకుపోతాను, వస్తానంది. నైటీలు ఇచ్చే రోజు కాకుండా చూడమంది.